విదేశంలో కార్డు పెట్టినప్పుడు రూపాయలు నొక్కాలా, అక్కడి కరెన్సీ నొక్కాలా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. బ్యాంకాక్‌లో ఒక దుకాణంలో కార్డు పెట్టగానే యంత్రం రూపాయల్లో చెల్లిస్తారా, బాట్లలో చెల్లిస్తారా అని అడిగింది. ఎంత పోతున్నదో అప్పటికప్పుడే తెలుస్తుంది కదా అని మీరు రూపాయలు నొక్కారు. ఇంటికి వచ్చాక స్టేట్‌మెంటులో ఆ మొత్తంతోపాటు మరో చిన్న ఛార్జీ, దాని మీద జీఎస్టీ కనిపించాయి. ఇప్పుడు మీ దంపతులిద్దరూ పారిస్, ప్రాగ్ వెళ్తున్నారు. ఎక్కడైనా సరే అక్కడి కరెన్సీయే ఎంచుకోమని మీ అల్లుడుగారు చెబుతున్నారు. అలా చేస్తే మీ బ్యాంకు 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీ లావాదేవీ మీద కలిపే అదనపు రుసుము) వేస్తుంది కాబట్టి రూపాయలే చవక పడతాయేమోనని మీ అనుమానం.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఒక బ్యాంకు కార్డుల విభాగంలో, అందులోనూ ఎక్కువ కాలం ఖాతాదారుల ఫిర్యాదులు చూసే చోట పనిచేశాను. ఈ ప్రశ్న నా బల్ల మీదికి రాని నెల లేదు. మీ అల్లుడుగారి మాటే పాటించండి. అయితే మీ అనుమానం కొట్టిపారేయదగినదేమీ కాదు. మన దేశపు కార్డుల విషయంలో దానికి ఒక లెక్క ఉంది. ఇంటర్నెట్టులో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా, యూరప్ కార్డులున్నవారు రాసినవి కాబట్టి ఆ లెక్క వాటిలో కనిపించదు. కాస్త నిదానంగా చెబుతాను.

ముందుగా అక్కడి కరెన్సీ నొక్కితే ఏం జరుగుతుందో చూద్దాం. పారిస్‌లో మీ బిల్లు 200 యూరోలు అనుకోండి. దుకాణం తరఫు బ్యాంకు ఆ 200 యూరోలనే వీసాకో మాస్టర్‌కార్డుకో పంపుతుంది. ఆ నెట్‌వర్కు తన రోజువారీ రేటు ప్రకారం దాన్ని రూపాయల్లోకి మార్చి మీ బ్యాంకుకు చెబుతుంది, మీ బ్యాంకు దాని మీద తన మార్కప్ కలుపుతుంది, ఆ మార్కప్ మీద ప్రభుత్వం 18 శాతం జీఎస్టీ తీసుకుంటుంది. లెక్క సులువుగా ఉండడానికి యూరో సరిగ్గా 100 రూపాయలు అనుకుందాం. అప్పుడు అసలు 20,000 రూపాయలు, మార్కప్ 700, జీఎస్టీ 126, మొత్తం 20,826 రూపాయలు. అంటే 3.5 శాతం అని చెప్పే కార్డు నిజానికి 4.13 శాతం తీసుకుంటున్నది. నెట్‌వర్కు రేటు కూడా మీరు టీవీలో చూసే మారకపు రేటుతో పైసా తేడా లేకుండా సరిపోదు, కానీ ఆ తేడా స్వల్పం. పైగా ఆ రేట్లను వీసా, మాస్టర్‌కార్డు రెండూ తమ వెబ్‌సైట్లలో ఎవరైనా చూసుకునేలా పెడతాయి.

రూపాయలు నొక్కితే కథ వేరుగా నడుస్తుంది. మీ కార్డు మీది తొలి ఆరు లేదా ఎనిమిది అంకెలను బట్టి అది ఏ దేశపు ఏ బ్యాంకు ఇచ్చినదో యంత్రం వెంటనే పసిగడుతుంది. ఆ రూపాయల మొత్తం తెర మీదికి వచ్చేది అందువల్లే. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు, బ్యాంకుల్లో అందరం డీసీసీ అనే పిలుస్తాం. ఇక్కడ యూరోలను రూపాయలుగా మార్చేది నెట్‌వర్కు కాదు, మీ బ్యాంకు అంతకంటే కాదు. దుకాణం తరఫు బ్యాంకు, లేదా దాని వెనుక ఉండి ఇదే వ్యాపారంగా చేసే సంస్థ. రేటు వారిష్టం. అసలు రేటు మీద వారు కలుపుకునే లాభంలో దుకాణానికి కూడా వాటా ఉంటుంది. కౌంటరు దగ్గరి మనిషి మీకేదో మేలు చేస్తున్నట్టు ‘రూపాయల్లో తీసుకోమంటారా సార్’ అని నవ్వుతూ అడగడానికి కారణం ఆ వాటాయే.

ఆ లాభం 3 శాతం ఉండవచ్చు, 5 ఉండవచ్చు, 8 కూడా ఉండవచ్చు, ఏటీఎంలలో అంతకు మించీ చూశాను. 5 శాతం అనుకుంటే పారిస్ బిల్లు తెర మీద 21,000 రూపాయలుగా కనబడుతుంది. మీరు దాన్ని ఒప్పుకున్నాక కథ ముగిసిందనుకుంటారు. ముగియదు. మీరు బ్యాంకాక్ స్టేట్‌మెంటులో చూసిన ఛార్జీ ఇక్కడే పుడుతుంది. లావాదేవీ రూపాయల్లో ఉన్నా దుకాణం విదేశంలో ఉంది కాబట్టి నెట్‌వర్కు దృష్టిలో అది అంతర్జాతీయ లావాదేవీయే, దానికి తగ్గ రుసుము మీ బ్యాంకు నుంచి అది వసూలు చేస్తుంది. మార్కప్ చేజారిన బ్యాంకు ఆ రుసుమునైనా మీ మీద వేస్తుంది. మన దేశంలో చాలా బ్యాంకులు విదేశీ దుకాణాల్లో రూపాయల్లో జరిగిన లావాదేవీలకు 1 శాతమో, అంతకు కొంత ఎక్కువో, జీఎస్టీ అదనంగా తీసుకుంటున్నాయి. 21,000 మీద 1 శాతం 210, దాని మీద జీఎస్టీ 37.80, మొత్తం 21,247.80 రూపాయలు. యూరోలు నొక్కి ఉంటే 20,826తో పోయేది. 422 రూపాయల తేడా ఒక భోజనం మీద పెద్దగా అనిపించకపోవచ్చు గానీ, రెండు వారాల ప్రయాణంలో హోటళ్లు, రైలు టికెట్లు, కొనుగోళ్లు అన్నీ కలిపి నాలుగు లక్షల ఖర్చు మీద ఇదే నిష్పత్తిలో ఎనిమిది వేలు దాటుతుంది.

ఇక మీ అనుమానం సంగతి. డీసీసీ సంస్థ 3 శాతమే తీసుకుంటే ఏమవుతుంది? తెర మీద 20,600 కనబడుతుంది, మీ బ్యాంకు 1 శాతం, జీఎస్టీ కలిపితే 20,843. యూరోల దారిలో 20,826. పదిహేడు రూపాయల తేడా, అంటే దాదాపు సమానం. మీ బ్యాంకు రూపాయల లావాదేవీకి ఏ ఛార్జీ వేయని అరుదైన బ్యాంకు అయితే, అప్పుడు రూపాయల దారే 226 రూపాయలు చవక. కాబట్టి ‘రూపాయలు నొక్కితే ఎప్పుడూ నష్టమే’ అనే మాట గణితంగా సరికాదు. 3.5 శాతం మార్కప్, విదేశంలో రూపాయల లావాదేవీకి 1 శాతం బ్యాంకు ఛార్జీ ఉన్న మీ కార్డుకు సంబంధించినంతవరకు హద్దు గీటు 2.9 శాతం దగ్గర ఉంది. యంత్రం చూపే రేటు నెట్‌వర్కు రేటు కంటే అంతకు తక్కువ తేడాలో ఉంటే రూపాయలు నష్టం కాదు, ఎక్కువ ఉంటే నష్టం. నా అనుభవంలో 2.9 కంటే తక్కువ అడిగే యంత్రం తారసపడడం అరుదు.

అదే మీ దగ్గర 2 శాతం మార్కప్ ఉన్న ప్రీమియం కార్డు ఉంటే గీటు 1.2 శాతానికి పడిపోతుంది. మార్కప్ లేని కార్డు అయితే లెక్కే అక్కరలేదు. అలాంటి కార్డు జేబులో పెట్టుకుని రూపాయలు నొక్కడమంటే, ఉచితంగా మారుతున్న డబ్బును అడిగి మరీ డబ్బిచ్చి మార్పించుకోవడమే. జీరో మార్కప్ కార్డుల కోసమని ప్రత్యేకంగా ఖాతా తెరిచి, ప్రయాణమంతా తెర మీద రూపాయలు కనబడగానే నిశ్చింతగా నొక్కుకుంటూ వచ్చినవారిని నేను ఒకరిని కాదు, పదుల మందిని చూశాను.

కౌంటరు దగ్గర నిలబడి ఈ తేడాను ఎలా కనిపెట్టడం? తెర మీద రెండు మొత్తాలూ ఉంటాయి. రూపాయల మొత్తాన్ని యూరోల మొత్తంతో భాగించండి. 200 యూరోలకు 21,200 రూపాయలు అని చూపితే వారి రేటు 106. ఆ ఉదయం ఫోనులో చూసుకున్న రేటు 100 అయితే 6 శాతం అడుగుతున్నారన్నమాట. మరేదీ చూడనక్కరలేదు. కొన్ని యంత్రాలు, కొన్ని రసీదులు రేటును తలకిందులుగా, ఒక రూపాయికి 0.009434 యూరోలు అన్నట్టు అచ్చువేస్తాయి. అది అబద్ధం కాదు, కానీ నడుస్తున్న వరుసలో నిలబడి అలాంటి అంకెను చూసి 6 శాతం అని చెప్పగలిగే మనిషి నాకు ఇంతవరకు కనబడలేదు.

రేటు మీద ఎంత శాతం కలిపారో చెప్పే విషయంలో యూరోపియన్ యూనియన్‌లో 2020 ఏప్రిల్ 19 నుంచి ఒక నిబంధన అమల్లో ఉంది. 2019లో చేసిన ఆ చట్టం ప్రకారం, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు ప్రకటించే రిఫరెన్సు రేటు మీద ఎంత శాతం అదనంగా తీసుకుంటున్నదీ చెల్లింపుకు ముందే చూపాలి. అది ముఖ్యంగా ఆ దేశాల వినియోగదారుల కోసం చేసిన చట్టమే అయినా, మన కార్డు పెట్టినప్పుడు కూడా చాలా యంత్రాలు ఏదో ఒక శాతం చూపిస్తాయి. దాన్ని చూడండి గానీ దాని మీదే ఆధారపడకండి. ఆ శాతాన్ని ఏ మూల రేటు మీద లెక్కగట్టారన్నది యంత్రాన్ని బట్టి మారవచ్చు. పైన చెప్పిన భాగహారం ఎక్కడైనా పనిచేస్తుంది.

రూపాయల్లో కడితే ఎంతో ఇప్పుడే తేలిపోతుంది, రేపు రూపాయి పడిపోతే మన నెత్తిన పడదు అనే వాదన ఒకటుంది, దుకాణదారులూ అదే చెబుతారు. లావాదేవీ జరిగిన రోజుకూ నెట్‌వర్కు దాన్ని సర్దుబాటు చేసే రోజుకూ మధ్య ఒకటి, రెండు, మహా అయితే మూడు రోజులు పడుతుంది. ఆ కొద్ది రోజుల్లో రూపాయి కదలిక మామూలుగా ఒక శాతం లోపే, అది కూడా రెండు వైపులా ఉండవచ్చు. ఒక శాతం భయానికి ఐదు శాతం బీమా కట్టడం ఏం లెక్క?

ఏటీఎంల గురించి మాత్రం విడిగా, కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దుకాణాల కంటే ఎక్కువ డబ్బు పోయేది అక్కడే. ముఖ్యంగా ప్రాగ్ పాతబస్తీలో బ్యాంకులవి కాని ఏటీఎంలు అడుగడుగునా ఉంటాయి. మీరు పది వేల కొరునాలు (అక్కడి డబ్బు) అడిగితే, యంత్రం ముందు తన రుసుము చెబుతుంది, తరువాత ఒక తెర వస్తుంది. అందులో మీ ఖాతా నుంచి ఇన్ని రూపాయలు తీసుకుంటాం, రేటు ఖాయం, అంగీకరిస్తారా అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. కింద రెండు మీటలు. ఒకటి ‘యాక్సెప్ట్’, రెండోది ‘డిక్లైన్ కన్వర్షన్’, లేదా ‘కంటిన్యూ వితౌట్ కన్వర్షన్’. మొదటిది సాధారణంగా పచ్చగా, పెద్దగా ఉంటుంది. రెండోది ఎర్రగానో బూడిద రంగులోనో మూలకు ఉంటుంది.

డిక్లైన్ అనే మాట చూసి మనవాళ్లు భయపడతారు. అది నొక్కితే లావాదేవీయే రద్దయిపోతుందని, కార్డు లోపలే ఉండిపోతుందని, ఖాతాలో డబ్బు తెగి చేతికి రాకుండా పోతుందని అనుకుంటారు. అలా ఏమీ జరగదు. డిక్లైన్ చేస్తున్నది వారి మారకపు రేటును మాత్రమే. యంత్రం మీరడిగిన కొరునాలను అలాగే ఇస్తుంది, లెక్క మీ బ్యాంకుకు కొరునాల్లోనే వెళ్తుంది. కొన్ని యంత్రాలు ఒకసారి కాదని నొక్కాక కూడా ‘మీరు నిశ్చయంగా వద్దంటున్నారా’ అని మరో తెర చూపిస్తాయి. అక్కడా అదే జవాబు. బ్యాంకు భవనం గోడకు అమర్చిన ఏటీఎం దగ్గరికి రెండు వీధులు నడిచి వెళ్లడం మేలు, అక్కడ కూడా ఈ ప్రశ్న రావచ్చు గానీ రేటు, రుసుము అంత దారుణంగా ఉండకపోవచ్చు.

ఏటీఎం వసూలు చేసే రుసుముకూ మారకపు రేటుకూ సంబంధం లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. థాయిలాండ్‌లో విదేశీ కార్డు పెడితే చాలా బ్యాంకు ఏటీఎంలు ప్రతిసారీ 220 బాట్లు లేదా అంతకంటే ఎక్కువ తీసుకుంటాయి, మీరు బాట్లు ఎంచుకున్నా రూపాయలు ఎంచుకున్నా అది తప్పదు. దానికి తోడు మన బ్యాంకు డెబిట్ కార్డు మీద వేసే విదేశీ ఏటీఎం రుసుము ఉంటుంది. అందుకే కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తీయడం కంటే అవసరమైనంత ఒకేసారి తీసుకోవడం నయం. క్రెడిట్ కార్డుతో నగదు మాత్రం తీయకండి. దాని మీద నగదు రుసుము వేరే, వడ్డీ ఆ రోజు నుంచే మొదలు.

హోటళ్ల సంగతి నా సొంత అనుభవంతో చెబుతాను. కొన్నేళ్ల క్రితం మధ్య యూరప్‌లోని ఒక నగరంలో నేనూ మా ఆవిడా ఒక హోటల్లో దిగాం. ఏళ్ల తరబడి ఇతరుల ఫిర్యాదులు చూసినవాణ్ని కదా, నాకు తెలియనిదేముందనుకున్నాను. రాత్రి పదకొండు గంటలకు చేరాం, రిసెప్షన్‌లో ఒక పత్రం ఇచ్చారు, పాస్‌పోర్టు నంబరు, చిరునామా నింపి సంతకం పెట్టి గదిలోకి వెళ్లిపోయాం. మూడో రోజు ఖాళీ చేసేటప్పుడు నేను యంత్రం చేతికి తీసుకునేలోపే బిల్లు రూపాయల్లో అయిపోయి రసీదు వచ్చేసింది. నన్నెవరూ అడగలేదన్నాను. ఆ అమ్మాయి మర్యాదగానే మొదటి రోజు నేను సంతకం పెట్టిన పత్రం తీసి, అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ‘కార్డుదారుని దేశపు కరెన్సీలో బిల్లు చేయడానికి అంగీకరిస్తున్నాను’ అన్న వాక్యం చూపించింది. ఆ వాక్యం పక్కన గీత కొట్టే వీలుందని కూడా చెప్పింది. మా బిల్లు మీద అది దాదాపు 7 శాతానికి తేలింది.

అప్పటి నుంచి చెకిన్ సమయంలోనే, కార్డు ఇచ్చే ముందు, స్థానిక కరెన్సీలోనే ఛార్జి చేయమని నోటితో చెప్పి, పత్రంలో ఆ వాక్యం ఉంటే కొట్టివేసి సంతకం పెడుతున్నాను. కారు అద్దెకు ఇచ్చే సంస్థల ఒప్పందాల్లోనూ ఇలాంటి వాక్యమే ఉంటుంది, పైగా అక్కడ కారు తిరిగి ఇచ్చేసిన తరువాత మీరు ఎదురుగా లేనప్పుడు కూడా కార్డు నుంచి తీసుకుంటారు కాబట్టి ముందే చూసుకోవడం అవసరం.

డిపాజిట్ విషయంలో ఇంకో చిక్కుంది. కొన్ని చోట్ల డిపాజిట్‌ను కేవలం నిలిపి ఉంచకుండా నిజంగానే ఛార్జి చేసి, తరువాత తిరిగి వేస్తారు. రూపాయల్లోకి మార్చి తీసుకుని ఉంటే, తిరిగి వేసేటప్పుడు వాడే రేటు వేరు కావచ్చు; 500 యూరోలు తీసుకుని 500 యూరోలే తిరిగి ఇచ్చినా మీ ఖాతాలో రెండు మూడు వేలు తక్కువ పడవచ్చు. యూరోల్లోనే జరిగితే కూడా రెండు రోజుల రేట్లలో తేడా ఉంటుంది, బ్యాంకు మార్కప్‌ను తిరిగి ఇచ్చే పద్ధతి ఒక్కో బ్యాంకుది ఒక్కోలా ఉంటుంది, కానీ నష్టం చాలా తక్కువ.

మీరు ఫారెక్స్ కార్డు కూడా తీసుకుంటున్నానన్నారు. అందులో యూరోలు నింపుకుని యూరోల దేశంలో యూరోల్లోనే చెల్లిస్తే మార్పిడి అనేదే లేదు. మీరు నింపిన రోజున ఖరారైన రేటే చివరిదాకా. అయితే ఫారెక్స్ కార్డు పెట్టినప్పుడు కొన్ని యంత్రాలు రూపాయలకు బదులు అమెరికన్ డాలర్లలో చెల్లిస్తారా అని అడుగుతాయి, ఎందుకంటే కార్డు అంకెలను బట్టి దాన్ని డాలర్ల కార్డుగా గుర్తిస్తాయి. డాలర్లంటే మన కార్డుకు దగ్గరి చుట్టంలా అనిపించి మనవాళ్లు సరేనంటారు. అప్పుడు దుకాణం యూరోలను తన రేటుకు డాలర్లు చేస్తుంది, మీ కార్డులో డాలర్లు లేవు కాబట్టి బ్యాంకు మీ యూరోలను డాలర్లుగా మార్చి ఆ బాకీ తీరుస్తుంది, ఆ మార్పిడికి క్రాస్ కరెన్సీ ఛార్జీ వేస్తుంది. ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, జేబులో ఉన్న యూరోలతో యూరోల బిల్లు కట్టడానికి రెండుసార్లు మార్పిడి ఖర్చు పెట్టుకోవడం అన్నమాట.

ప్రాగ్‌లో ఇంకో మెలిక. చెక్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా యూరోను వాడదు, అక్కడి డబ్బు కొరునా. మన ఫారెక్స్ కార్డుల్లో కొరునా సాధారణంగా ఉండదు. అంటే మీ కార్డులోని యూరోలు కొరునాలుగా మారేటప్పుడు క్రాస్ కరెన్సీ ఛార్జీ పడుతుంది, చాలా కార్డుల్లో అది కూడా 3.5 శాతం దగ్గరే. కాబట్టి పారిస్‌కు ఫారెక్స్ కార్డు, ప్రాగ్‌కు జీరో మార్కప్ కార్డు అనుకోండి. పర్యాటకులు తిరిగే దుకాణాల్లో కొందరు ధరలు యూరోల్లో కూడా రాసి, యూరో నోట్లు పుచ్చుకుంటారు; ఆ యూరో ధరలో వారి సొంత మారకపు రేటు దాగి ఉంటుంది. కొరునా ధర చూసి కొరునాల్లోనే కార్డు పెట్టండి.

దుబాయి మీదుగా వెళ్లే మనవారు చాలామంది కాబట్టి ఒక మాట. దిర్హాం విలువ 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టివేసి ఉంది. అందువల్ల అక్కడ డాలర్లలో ధర చెబితే ఆ అంకెతో గుణించి, అడుగుతున్న దిర్హాంలతో పోల్చి చూసుకోవడం సులువు. బంగారం కొనేటప్పుడు తరుగు, మజూరీ దగ్గర గంటసేపు బేరమాడి పదిహేను దిర్హాంలు తగ్గించుకుని, ఆఖర్లో యంత్రం మీద రూపాయలు నొక్కి అంతకు పదింతలు వదులుకున్నవారి స్టేట్‌మెంట్లు నేను చూశాను.

ఇంట్లో కూర్చుని విదేశీ హోటలో, విమానమో బుక్ చేసుకున్నా ఇదే ప్రశ్న వేరే రూపంలో ఎదురవుతుంది. కొన్ని వెబ్‌సైట్లు మీ దేశాన్ని గుర్తించి ధరలన్నీ రూపాయల్లోనే చూపిస్తాయి. ఆ రూపాయలు కూడా వారి రేటుతో మారినవే కావచ్చు, సంస్థ విదేశంలో నమోదై ఉంటే మీ బ్యాంకు ఆ 1 శాతం ఛార్జీ కూడా వేస్తుంది. కరెన్సీ మార్చుకునే చోటు సాధారణంగా పేజీ పై మూలలోనో అడుగునో ఉంటుంది. ఒకసారి యూరోల్లోకి మార్చి రెండు ధరలూ పోల్చి చూడండి. పేపాల్ లాంటి మధ్యవర్తి ద్వారా చెల్లిస్తుంటే, మార్పిడిని మీ కార్డు సంస్థకే వదిలేసే ఎంపిక లోపల ఎక్కడో ఉంటుంది, వెతికి పెట్టుకోవాలి.

బయలుదేరే ముందు బ్యాంకు ఆప్‌లో రెండు పనులు చేయండి. ఒకటి, రిజర్వు బ్యాంకు 2020 జనవరి 15న ఇచ్చిన ఆదేశం తరువాత కొత్తగా వచ్చే కార్డుల్లో విదేశీ వాడకం మొదట్లో మూసే ఉంటుంది, మనమే తెరుచుకోవాలి. దుకాణం, ఏటీఎం, ఆన్‌లైన్ మూడింటికీ విడివిడి మీటలు, విడివిడి పరిమితులు ఉంటాయి; కార్డును నేరుగా యంత్రానికి తాకించే సౌకర్యానికి కూడా. అది తెరవక పారిస్‌లో ఒక దుకాణంలో కార్డు తిరస్కరిస్తే, కౌంటరులోని మనిషి యంత్రం తప్పనుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాడు. రెండు, ఛార్జీల పట్టికలో మీ కార్డు మార్కప్ ఎంత, విదేశీ రూపాయల లావాదేవీకి ఛార్జీ ఎంత అన్నది చూసి ఒక కాగితం మీద రాసుకోండి. పైన చెప్పిన 2.9 శాతం గీటు నేను అనుకున్న అంకెల మీద వచ్చినది, మీ అంకెలు వేరైతే గీటూ మారుతుంది.

ఫలహారశాలల్లో ఒక జాగ్రత్త చాలు. సర్వరు యంత్రం తెచ్చి తనే మీట నొక్కి మీకు పిన్ కోసం మాత్రమే అందించడం పరిపాటి. కార్డు తీయకముందే ‘యూరో’ అని ఒక్క మాట చెప్పండి, పిన్ నొక్కే ముందు తెర మీద ఏ కరెన్సీ ఉందో చూడండి. రూపాయలు కనబడితే ఎర్ర మీట నొక్కి రద్దు చేసి, మళ్లీ మొదలుపెట్టమనండి. అతనికి కొద్దిగా విసుగు రావచ్చు, రానివ్వండి.

రసీదు వచ్చేశాక రూపాయలు చూసుకుంటే కూడా అక్కడికక్కడే అయితే దారి ఉంది. అదే రోజు ఆ లావాదేవీని వాయిడ్ (రద్దు) చేసి యూరోల్లో మళ్లీ తీసుకోమని అడగవచ్చు. నెట్‌వర్కుల నిబంధనల ప్రకారం ఎంచుకునే హక్కు కార్డుదారుదే, దుకాణదారు తనంతట తాను నిర్ణయించకూడదు. వారు ఒప్పుకోకపోతే రసీదు మీద ‘ఎంపిక ఇవ్వలేదు’ అని రాసి ఫొటో తీసి ఉంచుకోండి, తిరిగి వచ్చాక మీ బ్యాంకులో ఆలస్యం చేయకుండా వివాదం నమోదు చేయండి. తప్పు కరెన్సీలో తీసుకున్న లావాదేవీలకు వీసాలో 12.3 అని ప్రత్యేకంగా ఒక వివాద కోడే ఉంది. ఫిర్యాదులో ‘రేటు అన్యాయం’ అని రాస్తే వీగిపోతుంది. ‘నన్ను అడగలేదు, నేను ఒప్పుకోలేదు’ అని రాయాలి. మా బల్ల దగ్గర నిలిచిన ఫిర్యాదులకూ, వీగిన ఫిర్యాదులకూ తేడా చాలాసార్లు ఆ ఒక్క వాక్యంలోనే ఉండేది.

మీ బ్యాంకాక్ లావాదేవీలో మాత్రం యంత్రం మిమ్మల్ని అడిగింది, మీరే రూపాయలు నొక్కారు, కాబట్టి ఆ డబ్బు తిరిగి వచ్చే మార్గం లేదు. ఆ అదనపు ఛార్జీ కూడా బ్యాంకు పట్టికలో ఉన్నదే అయి ఉంటుంది. అయితే మీరు ఇంకా ఆ రసీదు దాచి ఉంచారంటే, అందులోని రూపాయలను బాట్లతో భాగించి, ఆ తేదీ రేటును వీసా లేదా మాస్టర్‌కార్డు వెబ్‌సైటులో పెట్టి చూడండి. ఎంత శాతం తీసుకున్నారో తేలిపోతుంది, అల్లుడుగారికి చూపించడానికి పనికొస్తుంది.